కాయను కుళ్లబెట్టని బూజు

మా ల్యాబులో మిరపకాయ కుళ్లితే ఎవరూ బాధపడరు. కుళ్లకపోతే మాత్రం అందరం లేచి నిలబడతాం. ఈ సంగతి చెప్పిన రోజు మా అమ్మ జైనాబ్ బీ చేతిలో పని ఆపి, ఇందుకా నిన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది అన్నట్టు చూసింది. కాయ ఎప్పుడు కుళ్లుతుందా అని పెట్టె ముందు కూర్చుని కనిపెట్టే ఉద్యోగం ఒకటి ఉంటుందంటే పల్నాటిలో పుట్టిన మనిషికి మింగుడుపడదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు కాలేజీ వెనక మా ల్యాబు. మూడు గదులు, ఒక ఏసీ, కరెంటుతో రోజూ గొడవపడే ఒక ఫ్రిజ్. నీరజ మేడమ్ మాకు పెద్ద. ఆమె కింద నేనూ, సుధీరూ. సుధీర్ వినుకొండ నుంచి రోజూ రైల్లో వస్తాడు. రైలు ఎంత ఆలస్యమైతే అంత హుషారుగా దిగుతాడు. నా పేరు ఆసియా. నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ ల్యాబులోనూ ఒకే మాట చెబుతారు. కోపం కాదు, నా నోట్లో నువ్వుగింజ నానదు, అంతే.

మిరపకు కాయకుళ్లు తెచ్చే బూజు ఒకటుంది. పండిన కాయ మీద నల్లటి గుంట పడుతుంది. అది చుట్టూ రింగులు రింగులుగా పాకి కాయనంతా పనికిరాకుండా చేస్తుంది. మందులు కొట్టి కొట్టి రైతులు అలిసిపోయారు గానీ బూజు అలవలేదు. దాన్ని ఎలా చంపాలన్నది అందరూ అడిగే ప్రశ్న. మేడమ్ అడిగేది వేరు. మైనం పూసినట్టు అంత నున్నగా ఉండే తొక్కలోంచి, చేతుల్లేని కాళ్లులేని ఈ బూజు లోపలికెలా పోతోంది? ఈ ప్రశ్న మొదటిసారి విన్నప్పుడు నాకు రెండు రోజులు వేరే ఆలోచన రాలేదు. ఆ ప్రశ్న కోసమే ఇక్కడ చేరాను.

మా నాన్న జిలానీకి ట్రాక్టర్ల షెడ్డు ఉంది. ఆయనకు మా పని ఇలా చెప్పాను. ఒకే మోడల్ ట్రాక్టర్లు వెయ్యి ఉన్నాయనుకో. ఒక్కోదాంట్లో ఏదో ఒక నట్టు, ఏదని చూసుకోకుండా ఊడదీస్తాం. తర్వాత అన్నిటినీ పొలానికి తోలతాం. ఏది దున్నలేక ఆగిపోతుందో దాన్ని పట్టుకుని, ఇందులో ఊడిందేమిటా అని వెతుకుతాం. దున్నడానికి ఏ నట్టు కావాలో అప్పుడు తెలుస్తుంది. నాన్న అంతా విని, ఏది ఊడదీశాడో తెలియనివాణ్ని నా షెడ్డులోకి రానివ్వనన్నాడు.

బూజులో నట్లంటే జన్యువులు. వాటి మధ్యకు చిన్న డీఎన్‌ఏ ముక్కను దూరుస్తాం. అది ఎక్కడ దూరితే అక్కడి జన్యువు చెడుతుంది. అలా చెడిన ఒక్కో బూజును మ్యూటెంట్ అంటాం, గుర్తుకు ఒక నంబరు వేస్తాం. ఆ తర్వాతిది ఓపిక పని. ఎర్రగా పండిన కాయలు తెచ్చి, కడిగి, తడి టిష్యూ పరిచిన ప్లాస్టిక్ పెట్టెలో వరసగా పెడతాం. స్పోర్లంటే బూజు విత్తనాలే. వాటిని నీళ్లలో కలిపి కాయకొక బొట్టు వేస్తాం. బొట్టు ఆరకూడదు. తడి ఉంటేనే స్పోరు మొలిచి, తొక్కకు అతుక్కుని, లోపలికి తొలుస్తుంది. మూత పెట్టాక వారం దాకా తెరవకూడదన్నది రూలు. వారం తర్వాత నల్లగుంట కనిపిస్తే ఆ మ్యూటెంట్‌ను పక్కన పడేస్తాం. కాయ ఇంకా నిగనిగలాడుతుంటే దాని కథ మొదలైనట్టు.

మా గ్రాంటు ఆ ఏడాదితో అయిపోతుంది. చివర్లో జరిగే రివ్యూలో ఒక్క నికార్సైన మ్యూటెంట్‌ను చూపిస్తే పొడిగిస్తారు, నేను దాని మీదే పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకుంటాను. చూపించలేకపోతే సత్తెనపల్లిలో ఒక స్కూల్లో సైన్సు టీచరు పోస్టు ఉంది, నాన్న అప్పటికే మాట్లాడి పెట్టాడు. టీచరు పని చిన్నదని నేననను. ఏటేటా అదే కప్ప బొమ్మ బోర్డు మీద గీసుకుంటూ బతకాలంటే మాత్రం నాకు ఊపిరాడదు.

అలాంటి సమయంలో దొరికింది నాలుగొందల పదిహేడు.

మొదటి పరీక్షలో ఒక్కో మ్యూటెంట్‌కి రెండే కాయలు పెడతాం. బొట్టు జారిపోయినా కాయ శుభ్రంగానే మిగులుతుంది కాబట్టి ఆ ఫలితాన్ని ఎవరూ నమ్మరు, మళ్లీ పెడతారు. నాలుగొందల పదిహేడుతో పాటు ఇంకో ఏడెనిమిది అలా మిగిలాయి. మళ్లీ పెడితే మిగతావన్నీ కాయల్ని కుళ్లబెట్టాయి, ఇదొక్కటే కుళ్లబెట్టలేదు. మూడోసారీ అంతే. ప్లేటు మీద ఇది కాస్త గులాబీ రంగుగా పెరిగేది, అందుకని మొదటినుంచీ మేడమ్‌కి దీని మీదే కన్ను. కాకిపిల్ల కాకికి ముద్దు అని సుధీర్ వెనక నవ్వేవాడు. మూడోసారి మూత తీశాక మాత్రం వాడూ నవ్వలేదు. అన్ని కాయలూ అప్పుడే చెట్టు నుంచి కోసినట్టు మెరుస్తున్నాయి. పక్క పెట్టెలో, ఏ నట్టూ ఊడదీయని మామూలు బూజు పెట్టిన కాయలు నల్లగా గుంటలు పడి ఉన్నాయి. మేడమ్ ఆ రోజు సెంటర్ నుంచి మిఠాయి తెప్పించింది.

సంబరం సరే, ఇది ఎందుకు దూరలేకపోతోంది? నాకు అది కావాలి. ముందు కాయకు సూదితో చిన్న గాటు పెట్టి ఆ గాటులో బొట్టు వేశాం. కాయ శుభ్రంగా కుళ్లింది. అంటే లోపల పడితే దీనికి బతకడం తెలుసు, చేతకానిది తలుపు తెరవడమే. తర్వాత గాజుపలక మీద బొట్టు వేసి మైక్రోస్కోపులో చూశాను. కాయను తొలిచే ముందు స్పోరు మొలక చివర నల్లటి బుడిపె ఒకటి కడుతుంది, దాంతోనే తొక్కను పొడుస్తుంది. నాలుగొందల పదిహేడు ఆ బుడిపెను చక్కగా కట్టింది. గాజుకు గట్టిగా అతుక్కుంది, నీళ్లు పోసి కడిగినా ఊడలేదు. గునపం ఉంది, గోడకు ఆనించే బలమూ ఉంది. మరి ఎందుకు తవ్వడం లేదు?

చివరికి ఒకటి చేశాను. నాలుగోసారి పరీక్ష పెట్టినప్పుడు మర్నాడు ఉదయమే రూలు పక్కనబెట్టి పెట్టె తెరిచాను. బొట్టు వేసిన చోట తొక్కను పల్చగా లేపి మైక్రోస్కోపు కింద పెట్టాను. స్పోరు తొలవలేక తంటాలు పడుతూ కనిపిస్తుందనుకున్నాను. అక్కడ స్పోర్లే లేవు. ఇంకో కాయ చూశాను, అక్కడా లేవు. దొంగ గోడ దూకలేకపోయాడనుకుంటున్నాం మేము. దొంగ అసలు ఆ ఊరికే రాలేదు.

మేడమ్‌కి చెబితే ఆమె మొహం ఇంత వెడల్పయింది. కాయ మైనానికి అతుక్కునే జిగురు దీనికి లేదమ్మా, గాజుకు వేరే జిగురు, కాయకు వేరే జిగురు, ఆ జన్యువు దొరికిందంటే మనం ఎక్కడికో వెళ్లిపోతాం అంది. వినడానికి బాగానే ఉంది. కానీ జిగురు లేక జారిపోయినవి పెట్టె అడుగున టిష్యూ మీదైనా ఉండాలి కదా. టిష్యూ కూడా వెతికాను. ఒకటీ అరా తప్ప లేవు. అంటే ఎవరో తీసుకుపోయి ఉండాలి.

నాకు మొదట సుధీర్ మీద అనుమానం వచ్చింది. పెట్టెలుంచే ఇన్‌క్యుబేటర్ గదిలోకి రోజుకు పదిసార్లు పోతాడు, అక్కడ ఏసీ ఉంది కాబట్టి. అడగాల్సిన తీరులో అడగలేదు, నేరుగా మీద పడ్డాను. వాడు చల్లగా చూసి, ఆ కంపు పెట్టెలు తెరవడానికి నాకేం పిచ్చా అక్కాయ్ అన్నాడు. ఆ మాటలో నిజముంది. మధ్యాహ్నం టీ ఇప్పించి రాజీపడ్డాను.

ఐదోసారి పెట్టెలు నేనే సర్దాను. ఆ సాయంత్రం ఇంటికి బయల్దేరి, స్కూటీ తాళం మర్చిపోయానని వెనక్కి వచ్చాను. ఇన్‌క్యుబేటర్ గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నీరజ మేడమ్ చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని వాళ్ల చెల్లెలితో గృహప్రవేశం సంగతులు మాట్లాడుతోంది. ఆమె ముందు నాలుగొందల పదిహేడు పెట్టె తెరిచి ఉంది. మూతకు లోపల ఆవిరి పడుతుంది, బయట నుంచి ఏమీ కనపడదు, అందుకని తెరిచింది. ఒక కాయ తొడిమ పట్టుకుని పైకి తీసింది. లైటుకు ఎదురుగా పెట్టి చూసింది. చీర కొంగు బొటనవేలి మీదికొచ్చింది, వేలు కాయ మీద పైనుంచి కిందికి ఒక్కసారి పోయింది. కాయను తిప్పి పెట్టెలో పడుకోబెట్టింది. తర్వాత రెండోది. కళ్లు గోడ మీదున్నాయి, మాటలు చెల్లెలి దగ్గరున్నాయి. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది. పెట్టెలో కాయలన్నీ అయ్యాక మూత పెట్టి, లైటు ఆర్పేసి వెళ్లిపోయింది. నేను పక్కకు తప్పుకున్న సంగతి కూడా చూడలేదు.

మేడమ్‌ది గురజాల వైపు. పుట్టింది మిరప కళ్లంలో అన్నా తప్పులేదు. తడి కాయ తుడవడం మా వైపు పిల్లలకు మాటల కంటే ముందు వచ్చే పని. ఎండబోసిన కాయల మీద చినుకు పడిందంటే ఇంటిల్లిపాదీ పరుగెత్తాల్సిందే. తడి నిలిచిన కాయ తెల్లగా పాలిపోయి తాలు కాయ అవుతుంది, మిర్చి యార్డులో దాన్ని ఎవరూ ముట్టరు. అందుకే తడి మిరపకాయ కంటబడితే ఇక్కడి చెయ్యి బుర్రను అడగదు. మామూలు బూజు పెట్టెను ఆమె ఎందుకు తెరుస్తుంది? అది కుళ్లుతుందని తెలిసిందే. ముద్దుబిడ్డ పెట్టెనే రోజూ తెరిచింది, స్పోరు అతుక్కోకముందే మొదటి సాయంత్రమే తుడిచేసింది. గాటు పెట్టిన కాయలో స్పోరు అప్పటికే లోపలికి పోయింది కాబట్టి తుడిచినా బతికింది. అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చోటు చూసుకుని కూర్చున్నాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, పట్టినందుకు అక్కడే గోడకానుకుని ఏడ్చాను.

ఆ రోజు ఇంటికి వెళ్లాక అన్నం సహించలేదు. నోరు మూసుకుంటే ఏమవుతుంది? రివ్యూ బ్రహ్మాండంగా జరుగుతుంది. గ్రాంటు వస్తుంది. నా పేరు ముందు డాక్టరు వస్తుంది. ఈలోగా లేని జిగురు కోసం, ఊడని నట్టు కోసం ఏళ్ల తరబడి వెతుకుతూ ఉంటాను, దొరకదని తెలిసీ. అదే నాకు మింగుడుపడలేదు. నీతి గురించి పెద్ద మాటలు చెప్పను. తెలియనిది తెలుసుకోవడానికి వచ్చి, తెలిసినదాన్ని తెలియనట్టు నటిస్తూ కూర్చోవడం నా వల్ల కాదు. అంతకంటే కప్ప బొమ్మే నయం.

మర్నాడు మేడమ్ గదికి వెళ్లి చెప్పాను. ముందు నవ్వింది. నేను నవ్వకపోయేసరికి ఆమె మొహం మారింది.

"నేనా? నేనెందుకు తుడుస్తానమ్మా? బొట్టు ముట్టుకోవద్దని నీకు నేర్పింది ఎవరు?"

"మీరే మేడమ్. కానీ నిన్న తుడిచారు. నేను చూశా."

ఇక పొమ్మన్నట్టు ఫైలు తెరిచింది. మధ్యాహ్నమైనా టిఫిను డబ్బా తెరవలేదు. నాకు ఆమె మీద కోపం పోయి నా మీద కోపం రావడం మొదలైంది. నిన్న సాయంత్రం స్కూటీ తాళం మర్చిపోకుండా ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. అప్పుడు ఆమే వచ్చింది, నా బల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకు గుర్తులేదు ఆసియా. గుర్తులేదంటే చెయ్యలేదని కాదుగా. మళ్లీ పెట్టు. ఒక పెట్టె బీరువాలో పెట్టి తాళం నీ దగ్గర ఉంచుకో. నేనడిగినా ఇవ్వమాక."

అలాగే చేశాను. నాలుగొందల పదిహేడు స్పోర్లతోనే రెండు పెట్టెలు సర్దాం. ఒకటి బీరువాలో, ఒకటి ఎప్పటి చోట. బయట పెట్టెను మామూలుగా చూసుకోండి, తుడవకుండా ఉండాలని ప్రయత్నం కూడా చేయకండి అని చెప్పాను. ఆమె తలూపింది. మధ్యలో ఒక పూట నా దగ్గరికొచ్చి, ఊరికే అడుగుతున్నా, తాళం ఏదీ అంది. ఇవ్వలేదు. ఆ వారం మా ముగ్గురిలో ఎవరికీ పని మీద మనసు లేదు. ఎవరు ఎటు నడిచినా బీరువా ముందు నుంచే నడిచాం.

తెరిచిన రోజు బీరువా పెట్టె నుంచి మూత తీయకముందే వాసన వచ్చింది. ఒక్క కాయ కూడా మిగల్లేదు. నల్లగుంటలు, రింగులు, అంతా మామూలు బూజు పనే. బయటి పెట్టెలో కాయలు పెళ్లికూతురి గాజుల్లా మెరుస్తున్నాయి. మేడమ్ రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంది, పరాయివాళ్ల చెయ్యి చూసినట్టు. ఈ వారం కూడా తుడిచానన్నమాట, నాకు ఒక్కసారి కూడా తెలియలేదు అంది. ఆ గొంతులో బాధ ఉంది, బాధ కంటే ఎక్కువ ఆశ్చర్యం ఉంది. ఆమెను ఎంత ఇష్టపడతానో అప్పుడు తెలిసింది నాకు.

రివ్యూకి ముగ్గురు నిపుణులు వచ్చారు. పెద్దాయన ఐజాక్ గారు, రిటైరైన ప్రొఫెసర్. తెల్ల చొక్కా, లావుపాటి కళ్లద్దాలు, ఎదుటివాడి మాట సగంలో కోసేసే అలవాటు. ముందే పంపిన రిపోర్టులో నాలుగొందల పదిహేడు ఉంది, వాళ్లు దాన్ని చూడాలనే వచ్చారు. మేడమ్ లేచి, ఆ మ్యూటెంట్ లేదండీ, అది నా చేతి పని అని మొదలుపెట్టి, దాచకుండా మొత్తం చెప్పింది. నెపం వేరేవాళ్ల మీద పెట్టలేదు, అలవాటు అని నవ్వులో తేల్చనూ లేదు. సత్తెనపల్లి బస్సు టైములు నా మనసులో తిరుగుతున్నాయి.

ఐజాక్ గారు, అసలు పరీక్ష ఎలా పెడతారో చూపించండి అన్నారు. ఆ ఉదయమే సర్దిన కొత్త పెట్టె తెచ్చి మూత తీశాను. కాయల మీద బొట్లు పూసల్లా నిలబడి ఉన్నాయి. ఆయన ఒక కాయను తొడిమ పట్టుకుని తీశారు. దాన్ని చేతిలో పెట్టుకునే మందలింపు మొదలుపెట్టారు. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు ఇది, ఇలాంటి నిర్లక్ష్యానికి పొడిగింపు రాయాలంటే నాకు చెయ్యి రాదు అన్నారు. మిగతా ఇద్దరూ తలలూపారు.

"పీహెచ్‌డీ చేసిన మనిషివి. కాయ తుడిచి, తుడిచిన సంగతి నాకు తెలియదంటే ఎవరు నమ్ముతారమ్మా?"

మేడమ్ ఆయన చేతినే చూస్తోంది. నేనూ చూశాను. సుధీర్ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"సార్, ఒక్కసారి మీ చేతిలో కాయ చూడండి," అంది మేడమ్ నెమ్మదిగా.

ఐజాక్ గారు కిందికి చూశారు. కాయ పొడిగా, నున్నగా ఉంది. బొటనవేలు తడిగా ఉంది. బొట్టేదని అడగబోయి ఆగిపోయారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఆయన మొహం చూసి ఆ నవ్వు పోయింది. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మాది మాచర్ల పక్కనమ్మా," అన్నారు. ఇంతసేపూ మాట్లాడిన గొంతు కాదది. "మా అమ్మ కళ్లాలకు కూలికి పోయేది. ఎనక నన్నూ తీసకపోయేది. తడి కాయ ఊరకే దాటిపోతే ఈపున ఒక్కటిచ్చేది. పోయి చానా ఏళ్లయింది."

కాయను పెట్టెలో జాగ్రత్తగా పడుకోబెట్టి, మూత ఆయనే పెట్టారు. ఇంకా పరీక్షించని మ్యూటెంట్లు ఎన్ని ఉన్నాయని అడిగారు. ఫ్రిజ్ నిండా ఉన్నాయని నేను చెప్పాను. పక్కనున్న ఇద్దరితో రెండు మాటలు మాట్లాడి, ఒక ఏడాది రాస్తున్నాం, అన్ని పెట్టెలకూ టేపు వేసి మళ్లీ మొదటినుంచి చూడండి అన్నారు. ఏడాదే. పీహెచ్‌డీ మాట ఇంకా గాల్లోనే ఉంది. అయినా నా కాళ్లు నేల మీద లేవు. కాయలోకి బూజు ఎలా దూరుతుందో ఇంకా ఎవరికీ తెలియదు, కనుక్కునే పని ఇంకా నాదే.

కారెక్కబోతూ ఐజాక్ గారు వెనక్కి తిరిగారు. వేసవిలో ఇటే ఒక పని ఉంది, ఒకపూట వచ్చి పెట్టెలు నేనే స్వయంగా చూసిపోతా అన్నారు.

నీరజ మేడమ్ రెండు చేతులూ జోడించింది.

"మీరు రావద్దు సార్. ఫొటోలు పంపుతాం."